ఉపాధ్యాయులకే గురువు.. గిడుగు
పర్లాకిమిడి బడిలో చరిత్ర పాఠంతో మొదలై, తెలుగు బోధననే మార్చిన జీవితం

శ్రీకాకుళం: పుస్తకంలోని భాష ఒకటి, ఉపాధ్యాయుని నోటి భాష మరొకటి, పిల్లవాని ఇంటి భాష ఇంకొకటి అయినప్పుడు తరగతి గదిలో నిజంగా జరిగేది చదువా, కంఠస్థమా? నూరేళ్ల క్రితం తెలుగునాట ఈ ప్రశ్నను లేవనెత్తి, సమాధానం కోసం మూడు దశాబ్దాలకు పైగా పోరాడిన వ్యక్తి గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ పితామహునిగా ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే ఆయన తొలుత భాషా పండితుడు కాదు, చరిత్ర చెప్పే బడి పంతులు. మూడు దశాబ్దాల పాటు సుద్దముక్క పట్టిన ఆ అనుభవమే ఆయనను ఉద్యమంలోకి నడిపించింది. ఉపాధ్యాయులు ఎలా బోధించాలో ఉపాధ్యాయులకే నేర్పిన గురువుగా ఆయన జీవితాన్ని స్మరించుకోవడం సముచితం.

వంశధార తీరాన జననం

శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలో, వంశధార నదీ తీరాన ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. చోడవరానికి బదిలీ అయిన వీర్రాజు 1875లో విషజ్వరంతో కన్నుమూశారు. పన్నెండేళ్ల ప్రాయంలోనే తండ్రి నీడ కోల్పోయిన రామమూర్తి బంధువుల ఆశ్రయంలో విజయనగరం చేరి, మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు సాగించారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఆ బడిలో ఏర్పడిన స్నేహం తెలుగు భాషా చరిత్రనే మలుపు తిప్పుతుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. పైచదువులకు వెళ్లే స్తోమత లేదు. కుటుంబ భారం భుజాన పడింది. 1880లో, పదిహేడేళ్లయినా నిండకముందే, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమైన పర్లాకిమిడి ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. తెలుగు, ఒరియా, సవర భాషలు కలగలసి వినిపించే పట్టణమది. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం ఆయనకు అప్పగించిన పని.

బోధిస్తూనే చదువు

పాఠం చెప్పడంతో ఆయన తృప్తి చెందలేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. మరో పదేళ్లకు, 1896లో, చరిత్ర ప్రధాన పాఠ్యాంశంగా బి.ఏ. పట్టా అందుకున్నారు. ఈలోగా రాజావారి ఉన్నత పాఠశాల కళాశాలగా ఎదిగింది. పట్టభద్రుడైన రామమూర్తి కళాశాల తరగతులకూ పాఠాలు చెప్పే అర్హత సంపాదించారు.

చరిత్ర ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకానికి కట్టుబడి కూర్చోరాదన్నది ఆయన ఆచరణలో చూపిన తొలి పాఠం. పర్లాకిమిడికి దగ్గరలోనే శ్రీముఖలింగం ఆలయాలు ఉన్నాయి. వాటి గోడలపైన, స్తంభాలపైన తూర్పు గాంగ రాజుల కాలం నాటి శాసనాలు చెక్కి ఉన్నాయి. ప్రాచీన లిపులను నేర్పే గురువు ఎవరూ అందుబాటులో లేరు. పుస్తకాలు తెప్పించుకుని స్వయంగా లిపి నేర్చుకుని ఆ శాసనాలను చదివారు. కళింగ గాంగుల రాజధానిగా చరిత్రకెక్కిన కళింగనగరం శ్రీముఖలింగమేనన్న వాదనను బలపరిచారు. తాను తెలుసుకున్న విశేషాలను ఆంగ్ల పత్రికల్లో వ్యాసాలుగా ప్రకటించారు. సొంత ఊరి పక్కనున్న రాతిని చదవగలిగిన పంతులే దూరదేశపు చరిత్రను కూడా పిల్లల మనసుకు హత్తుకునేలా చెప్పగలడు. క్షేత్ర పర్యటన, మూలాధారాల పరిశీలన అని నేటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు బోధించే పద్ధతులు, ఆ మాటలు పుట్టకముందే ఆయన దినచర్యలో భాగమయ్యాయి.

సవర పిల్లలకు సవరలోనే చదువు

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరలు సంతలకు వచ్చేవారు. లిపి లేని వారి భాషను లెక్కచేసే వారే లేరు. ఆ అమాయకులకు చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలని రామమూర్తి భావించారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష అభ్యసించారు. సవర గూడేలకు కాలినడకన వెళ్లి మాటలు, పాటలు, కథలు సేకరించారు.

ఆ అడవుల్లో తిరగడం వల్ల ఆయన మలేరియా బారిన పడ్డారు. జ్వరానికి వాడిన క్వినైన్ ప్రభావంతో వినికిడి శక్తి దెబ్బతిన్నది. ఇతరుల భాషను చెవితో పట్టి నేర్చుకున్న మనిషికి ఆ చెవులే మందగించడం విధి వైపరీత్యం. అయినా ఆ కృషి ఆగలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు తానే జీతాలు చెల్లించారు. తల్లి భాషలో మొదలు కాని చదువు నిలవదన్న సత్యం ఆయనకు పుస్తకాల్లో దొరకలేదు. కొండ గూడేల్లో పెట్టిన ఈ చిన్న బడుల్లోనే దొరికింది. ఈ సేవకు మెచ్చి మద్రాసు ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదు ప్రదానం చేసింది. దాదాపు మూడున్నర దశాబ్దాల శ్రమ ఫలితంగా 1931లో ఆంగ్లంలో సవర భాషా వ్యాకరణం వెలువడింది. తరువాత కొన్నేళ్లకే సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ముండా భాషలపై పరిశోధించేవారు నేటికీ ఆ గ్రంథాలను సంప్రదిస్తారు.

ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చారు. తెలుగు నేర్చుకునే ప్రయత్నంలో ఆయనకు ఒక వింత ఎదురైంది. బడి పుస్తకాల్లో ఉన్న తెలుగు బజారులో ఎవరి నోటా వినిపించడం లేదు. దీనికి కారణమేమిటని విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఈ సందేహం తీర్చగలవారు విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అని అయ్యంగారు సూచించారు. యేట్స్, అయ్యంగారు, గురజాడ, గిడుగు.. ఈ నలుగురి కలయికతో తెలుగు బోధనా సంస్కరణకు బీజం పడింది.

నాటి బడుల స్థితిని గమనిస్తే ఆ ప్రశ్న ఎంత కీలకమైనదో తెలుస్తుంది. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వచన రచనకు ఒరవడి అయింది. 1858 నాటి ఆయన బాలవ్యాకరణం తప్పొప్పులకు కొలబద్ద అయింది. పిల్లవాడు వచ్చాడు అని మాట్లాడతాడు, వచ్చెను అని రాయాలి. చేస్తున్నాడు అంటాడు, చేయుచున్నాడు అని రాయాలి. సాహిత్య పాఠానికే కాదు, చరిత్ర, భూగోళం వంటి పాఠాలకూ అదే శైలి. దాంతో రాజుల కథ తెలుసుకోవలసిన పిల్లవాడు ముందు వాక్యానికి అర్థం వెతుక్కోవలసి వచ్చేది. ఉపాధ్యాయుడు పాఠ్య విషయాన్ని పక్కనపెట్టి ప్రతిపదార్థం చెప్పడంతోనే గంట గడిచిపోయేది. పరీక్షలో పిల్లవాడు తన ఆలోచనను రాయలేక, కంఠస్థం చేసిన వాక్యాలనే అప్పగించేవాడు.

ఉపాధ్యాయుల మధ్యకు

ఐరోపాలో హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి భాషా శాస్త్రవేత్తలు భాషా బోధనపై కొత్త గ్రంథాలు వెలువరిస్తున్న కాలమది. జీవభాష నోట మొదలై రాతలోకి రావాలని, వ్యాకరణ సూత్రాలు వాడుకను అనుసరించాలని వారు వాదించారు. ఈ కొత్త శాస్త్రాన్ని రామమూర్తి శ్రద్ధగా అధ్యయనం చేశారు. పర్లాకిమిడి బడిలో, సవర గూడేల్లో తాను చూసినదానికి అందులో శాస్త్రీయ ఆధారం లభించింది.

ఆనాడు హైస్కూలు ఉపాధ్యాయులకు శిక్షణ అంటే మద్రాసులోని సైదాపేట కళాశాల, రాజమహేంద్రవరంలోని శిక్షణ కళాశాల వంటి ఒకటి రెండు చోట్లే లభించేది. మారుమూల బడుల్లో పనిచేసే పంతుళ్లకు, తెలుగు పండితులకు ఆ అవకాశం తక్కువ. అటువంటి వారి చెంతకు రామమూర్తి స్వయంగా వెళ్లారు. ఉపాధ్యాయుల సభల్లో ఉపన్యసించారు, వ్యాసాలు రాశారు, చర్చలకు పిలిచారు. 1911లో, ముప్పై ఏళ్ల సర్వీసు ముగియగానే, ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా విరమించి పూర్తి కాలాన్ని ఈ పనికే అంకితం చేశారు. ఒక బడిలో పాఠం చెప్పడం మాని, తెలుగునాట ఉన్న బడులన్నిటికీ పంతులయ్యారు.

గెలుపు, ఆ వెంటనే ఓటమి

తొలి విజయం త్వరగానే లభించింది. 1912–13లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునని విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆధునిక భాషకు నమూనాగా ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర వంటి రచనలను చూపింది. పిల్లలు తమ మాటల్లో తమ భావం రాసుకునే వీలు మొదటిసారి కలిగింది.

అంతలోనే పండిత లోకం భగ్గుమంది. భాష భ్రష్టమైపోతుందని, ప్రాచీన సాహిత్యం అంతరిస్తుందని ఆందోళన చెలరేగింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో గ్రాంథిక పక్షాన నిలిచింది. ఊరూరా సభలు జరిగాయి, ప్రభుత్వానికి విన్నపాలు వెళ్లాయి. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలోనూ గ్రాంథికవాదులదే పైచేయి అయింది. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని ఆంగ్లంలో సమర్పించారు. అయినా ప్రభుత్వం వెనుకడుగు వేసింది. పాఠశాలల్లో ఆధునిక భాషకు ఇచ్చిన వెసులుబాటు రద్దయింది. 1915 నవంబరు 30న గురజాడ అస్తమించారు. బాల్య మిత్రుని కోల్పోయిన రామమూర్తి, వినికిడి తగ్గిన చెవులతో, యాభై రెండేళ్ల వయసులో దాదాపు ఒంటరిగా మిగిలారు.

పండితుల పుస్తకాలతోనే జవాబు

ఓటమికి కుంగిపోయే స్వభావం కాదు ఆయనది. చరిత్రకారునిగా అలవడిన పద్ధతినే ఇక్కడా ప్రయోగించారు. వాదనకు ముందు ఆధారం కావాలి. 1913లో ఆధునిక తెలుగుపై ఆంగ్లంలో ఒక విజ్ఞప్తి పత్రం ప్రకటించారు. బాలకవి శరణ్యంలో, వ్యాకరణాలు తప్పని నిషేధించిన రూపాలు ప్రాచీన కవుల ప్రయోగాల్లోనే ఉన్నాయని ఉదాహరణలతో నిరూపించారు. గద్య చింతామణిలో, పూర్వపు వచన రచయితలు వాడుక భాషను నిస్సంకోచంగా వాడారని చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో మరో అడుగు ముందుకు వేశారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే గ్రాంథికాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని వారి రచనల నుంచే ఎత్తిచూపారు. బోధించేవారికే పట్టుబడని భాషను పసివారు రాయాలనడం న్యాయమా అన్నదే ఆ పుస్తకం వెనుకనున్న ప్రశ్న.

ప్రాచీన కావ్యాలను ఆయన ఎన్నడూ తృణీకరించలేదన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. పాత కావ్యాలను పాత భాషగానే చదివించాలని, రాయడం మాత్రం నేటి శిష్టజనుల వాడుకలో నేర్పాలని ఆయన అభిమతం. చదివే భాషను, రాసే భాషను వేరుచేసి చూడాలన్న ఈ వివేచన ఒక అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయునిది. ప్రత్యర్థులు పలుమార్లు విస్మరించినదీ ఇదే.

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. తొలుత గ్రాంథికానికే నిలయమైన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులు కావడం గొప్ప మలుపు. రామమూర్తి కార్యదర్శిగా వ్యవహరించారు. కొద్ది నెలలకే, మే 27న కందుకూరి కన్నుమూశారు. అదే ఏడు రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించారు. అది ఏడాది పాటే నడిచినా, ఉపాధ్యాయులకూ రచయితలకూ కావలసిన ఆధారాలెన్నో అందించింది.

కాలం కలిసివచ్చింది. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై తన వ్యతిరేకతను ఉపసంహరించుకుంది. 1925లో తణుకు సభలో ఆయన గంటల తరబడి ప్రసంగించి, గ్రంథాల నుంచి ప్రయోగాలు ఎత్తిచూపి సభికులను ఒప్పించారు. కొత్త తరం కవులు, కథకులు, పత్రికలవారు ఒక్కొక్కరే ఆయన బాట పట్టారు.

నమ్మకం కోసం ఊరు విడిచి

1933లో రాజమహేంద్రవరంలో శిష్యులు, మిత్రులు ఆయన సప్తతి మహోత్సవాన్ని వైభవంగా జరిపారు. పండితులు రాసిన పరిశోధనా వ్యాసాల సంపుటిని కానుకగా సమర్పించారు. ప్రభుత్వం కైజర్–ఇ–హింద్ పతకంతో గౌరవించింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదు ప్రదానం చేసింది.

ఈ గౌరవాల నడుమనే ఆయనకు పెద్ద పరీక్ష ఎదురైంది. భాషా ప్రాతిపదికన ఏర్పడనున్న ఒరిస్సా రాష్ట్రంలో పర్లాకిమిడిని చేర్చేందుకు ప్రయత్నాలు సాగాయి. తెలుగువారు అధికంగా నివసించే ప్రాంతాలను ఒరిస్సాలో కలపరాదని రామమూర్తి గట్టిగా వాదించారు. ఈ విషయంలో, తనకు జీవనోపాధి కల్పించిన సంస్థానాధిపతితోనే విభేదించవలసి వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. అదే రోజు ఆయన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరం బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై రెండేళ్లు. యాభై ఆరేళ్ల పాటు పనిచేసిన ఊరిని, పెంచుకున్న అనుబంధాలను నమ్మిన విషయం కోసం వదులుకున్నారు.

జీవిత చరమాంకంలోనూ ఆయన తపన ఒక్కటే. 1940 జనవరిలో, కన్నుమూయడానికి వారం రోజుల ముందు, మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట మాట్లాడుతూ పత్రికలు ప్రజల భాషను స్వీకరించాలని విజ్ఞప్తి చేశారు. జనవరి 22న తుదిశ్వాస విడిచారు. సవర భాషా పరిశోధనను, భాషా సేవను కుమారుడు గిడుగు సీతాపతి కొనసాగించారు.

మిగిల్చిన పాఠం

తాను కోరిన మార్పు పాఠ్యపుస్తకాల్లోకి పూర్తిగా రావడాన్ని రామమూర్తి చూడలేదు. ఆయన మరణానంతరం కూడా పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో గ్రాంథికం చాలాకాలం కొనసాగింది. నేడు చరిత్ర, పౌరశాస్త్రం, భూగోళం పుస్తకాలు పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఉన్నాయంటే, పరీక్షలో విద్యార్థి సొంత మాటల్లో జవాబు రాయగలుగుతున్నాడంటే దాని వెనుక ఆ పంతులు పడిన శ్రమ ఉంది. గిరిజన పిల్లలకు తొలి చదువు వారి మాతృభాషలోనే సాగాలన్న ఆలోచనకూ తెలుగునాట ఆయనే ఆద్యుడు.

భాష, చరిత్ర, సమాజం బోధించే ఉపాధ్యాయునికి కావలసిన సుగుణాలు ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఊరి పక్కనున్న శాసనాన్ని చదివే ఆసక్తి, పిల్లవాని భాషను ముందు తాను నేర్చుకునే వినయం, ఆధారం లేనిదే మాట్లాడని నిష్ఠ, ఓడినా విడువని పట్టుదల ఆయన సొంతం. వంశధార ఒడ్డున పుట్టి, ముప్పై రూపాయల జీతంతో బతుకు మొదలుపెట్టిన ఆ ఉపాధ్యాయుడు తెలుగు బడికి తెలుగునే తిరిగి ఇచ్చారు. ఆ రుణం తీర్చుకునే అవకాశం తరగతి గదిలోకి అడుగుపెట్టే ప్రతి ఉపాధ్యాయునికీ ప్రతి ఉదయమూ లభిస్తూనే ఉంది.